ఒడిబియ్యం వండిన పొయ్యి

మా ఆయన మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, సగం కథ అయ్యాక చెప్పే ఓపిక నాకు ఉండకపోవచ్చు. తాగడు, చెయ్యెత్తడు, పిల్లల బడి మీటింగులకు నాకన్నా ముందే పోయి కూర్చుంటాడు. ఆయనకున్న రోగమల్లా ఒక్కటే. చెప్పాల్సిన మాటను చెప్పాల్సినప్పుడు చెప్పడు. దాస్తాడు. దాచిపెట్టి, ఇంట్లోవాళ్లకు మేలు చేశాననుకుని హాయిగా నిద్రపోతాడు.

పేరు భాస్కర్. రైస్‌మిల్లుల్లో బియ్యం మధ్య నుంచి రంగు మారిన గింజలను కనిపెట్టి బయటికి ఊదేసే యంత్రాలుంటాయి. అవి అమ్మి, బిగించి, బాగుచేసే కంపెనీలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాడు. బోధన్ నుంచి వర్ని దాకా ఈయన చెయ్యి పెట్టని యంత్రం లేదు. మొన్న మార్చిలో ఒకరోజు మిఠాయి డబ్బాతో ఇంటికొచ్చి, ప్రమోషన్ వచ్చింది, ఢిల్లీ పక్కన గురుగ్రాంకు మారుతున్నాం అన్నాడు. ఎప్పుడు ఒప్పుకున్నావని అడిగితే నాలుగు రోజులైందన్నాడు. నాలుగు రోజులు నా చేతి చారు తాగుతూ, నా పక్కనే పడుకుని లేస్తూ, ఈ మనిషి కడుపులో పదిహేను వందల కిలోమీటర్లు దాచుకున్నాడు.

కోపం లేనప్పుడు ఆయన్ని మీరంటాను. కోపం వస్తే నువ్వంటాను. మార్చి నుంచి మా ఇంట్లో మీరన్న మాట వినిపించలేదు.

నేనేం చేతులు కట్టుకుని ఇంట్లో కూర్చున్నదాన్ని కాదు. వర్ని రోడ్డులో నాకొక షట్టర్ ఉంది. లోపల నాలుగు కుట్టుమిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడ నిండా వేలాడే బడి యూనిఫాంలు. పదకొండేళ్ల కింద ఒక్క మిషన్‌తో మొదలుపెట్టాను. రెండో ఏడు ఖాతూన్ వచ్చి చేరింది. నాకన్నా పదేళ్లు పెద్దది. కాజాలు కుట్టడంలో నిజామాబాద్ మొత్తంలో తనను మించినవాళ్లు లేరని తానే చెప్పుకుంటుంది, అది నిజం కూడా. మే, జూన్ వచ్చాయంటే మాకు తిండి మీద ధ్యాస ఉండదు. ఈ ఏడు మూడు బళ్ల పని ఒప్పుకున్నాం. మా ఇంటి సంగతి తెలియక ఫిబ్రవరిలోనే ఒప్పుకున్నాం.

నా షట్టర్ సంగతేమిటని అడిగితే, "ఆడ గూడ కుట్టుకోవచ్చు తియ్యి" అన్నాడు. అంతే. పదకొండేళ్ల పనికి నాలుగు మాటల జవాబు.

మేలో ఆ అపార్ట్‌మెంట్ వాళ్ల నియమాల పుస్తకం ఫోన్‌లో వచ్చింది. ఇరవై రెండు పేజీలు. పెళ్లిపత్రిక చదివినంత సంబరంగా చదివి వినిపించాడు. మాది పద్నాలుగో అంతస్తు. బాల్కనీలో బట్టలు ఆరేయరాదు. తలుపు ముందు చెప్పులు విడవరాదు. పనివాళ్ల లిఫ్టు వేరు, మన లిఫ్టు వేరు. వచ్చింది చుట్టమైనా సరే, కింద గేటు దగ్గర ఆపి మనకు కబురు పంపుతారు, మనం ఫోన్‌లో నొక్కితేనే లోపలికి వదులుతారు. నన్ను కన్న మా అవ్వ వచ్చినా నొక్కాలా అని అడిగాను. ఎవరొచ్చినా నొక్కాలన్నాడు. పదిహేడో పేజీకి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. ఇంట్లో కుట్టుపని, వంటల వ్యాపారం, ట్యూషన్లు చేయరాదని ఉంది అక్కడ.

సరే, వ్యాపారం వద్దు, నా మొదటి మిషన్ ఒక్కటైనా వెంట తీసుకుపోతానన్నాను. పిల్లల బట్టలకైనా పనికొస్తుంది కదా. లారీవాళ్లకు ఇచ్చే సామాన్ల జాబితాలో నా చేత్తో నేనే రాశాను, కుట్టుమిషన్ ఒకటి అని. షట్టర్ నుంచి మిషన్‌ను ఇంటికి తెప్పించాను కూడా. సామాన్లు ఎక్కించే రోజున చూస్తే ఆ వరుస మీద గీత కొట్టి ఉంది. ఎవరు కొట్టారని అడగాల్సిన పనిలేదు. సొసైటీవాళ్లతో లొల్లి అవుతుందని కొట్టేశాడట. మళ్లీ నా మంచికే. నాకు ఒళ్లు మండిపోయింది. మిషన్‌ను ఆటోలో వేయించి తిరిగి షట్టర్‌కు పంపి, తాళాలు ఖాతూన్ చేతిలో పెట్టాను. ఆమె తీసుకుని ఒక్క మాటా అనకుండా కాజాలు కుడుతూ కూర్చుంది. ఖాతూన్ తిడితే నాకేం కాదు. మాట్లాడకపోతేనే భయం.

చుట్టాలకు మాత్రం పండగే. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ నీ అదృష్టం పండిందన్నారు. మా పెద్దది వినీత తొమ్మిదో తరగతికి వచ్చింది, నెల రోజులుగా తండ్రితో అవును, కాదు తప్ప మూడో మాట మాట్లాడటం లేదు. చిన్నుకు ఎనిమిదేళ్లు, వాడికి లిఫ్టు ఉంటే చాలు. నా బాధ ఎవరితో చెప్పినా పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. పెద్ద ఊరు, పెద్ద ఇల్లు, పెద్ద జీతం. ఏడుపెందుకే అన్నారు. నన్నెవరూ అడగలేదని ఏడుస్తున్నానంటే అదొక ఏడుపా అన్నారు.

మా అవ్వ పేరు రేణుకమ్మ. బోధన్‌లో రాకాసిపేటలో మా అన్న హన్మాండ్లు దగ్గర ఉంటుంది. అంత దూరం పోయే బిడ్డను ఒడిబియ్యం పోయకుండా ఎట్లా పంపుతానని ఆమె పట్టుబట్టింది. ఆషాఢం వస్తే పోయరాదు కాబట్టి జూన్ నడిమి ఆదివారం ఖాయం చేసింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కూతుర్ని, అల్లుణ్ని పీటల మీద కూర్చోబెట్టి, పసుపు పట్టించిన బియ్యాన్ని ఐదుగురు ముత్తైదువలు దోసిళ్లతో కూతురి ఒడిలో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె బట్ట పెడతారు. బియ్యం ఒడిలో పడ్డాక ఆమె ఆ రాత్రి పుట్టింట్లో నిద్ర చేయకూడదు. గడప దాటాక వెనక్కి తిరిగి రాకూడదు. నేరుగా తన ఇంటికి పోవాలి. తొమ్మిది రోజులు దాటకుండా ఆ బియ్యాన్ని తన పొయ్యి మీద వండి, ఐదుగురు ఆడవాళ్లనైనా పిలిచి పెట్టాలి. ఇది మా ఇంటి ఆనవాయితీ, ఇంకో ఇంట్లో ఇంకోలా ఉండవచ్చు. నా పెళ్లయిన ఏడు మా అవ్వ ఒక మాట చెప్పింది. "ఒడిబియ్యం ఏ పొయ్యి మీద ఉడికితె గదే నీ ఇల్లు బిడ్డా" అంది. ఈ పదహారేళ్లలో మూడుసార్లు పోయించుకున్నాను. మూడుసార్లూ నిజామాబాద్ వినాయక్‌నగర్‌లోని మా కిరాయి ఇంట్లోనే వండాను.

ఈసారి లెక్క అంతా పక్కాగా వేశాం. గురువారం లారీ పోయింది. శనివారం ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఇంటామెకు ఇచ్చేశాం. ఆదివారం పొద్దున కొత్తవాళ్లు దిగుతున్నారు. శనివారం రాత్రికి మేం బోధన్ చేరుకున్నాం. ఆదివారం ఒడిబియ్యం, అక్కణ్నుంచి కారులో హైదరాబాద్, విమానం, సోమవారం కొత్త ఇంట్లో నా పొయ్యి మీద పచ్చటి అన్నం. ఆ పద్నాలుగో అంతస్తులో ఐదుగురు ఆడవాళ్లు ఎక్కడ దొరుకుతారన్నది నా బెంగ. హిందీలో ఒడిబియ్యాన్ని ఏమని చెప్పాలో దారి పొడుగునా ఆలోచించుకోవచ్చనుకున్నాను.

ఆదివారం పదకొండు గంటలకు పీటల మీద కూర్చున్నాం. మా బాపు పోయినప్పటి నుంచి అవ్వ బియ్యం పోయదు, గోడవార నిలబడి చూస్తుంది. కొలత మాత్రం ఆమెదే. ఐదుంబావు శేర్లు తానే కొలిచి, తానే పసుపు కలిపింది. మా వదిన మొదటి దోసిలి పోసింది. పక్కనున్న మా ఆయన జేబులో ఫోన్ మూడుసార్లు వణికింది. ఆయన చెయ్యి పెట్టలేదు. ఇన్నేళ్లకు మనిషికి పద్ధతి తెలిసిందని సంతోషించాను కూడా, నా మొహానికి. ఒడి బరువెక్కుతుంటే కళ్లు నిండాయి. మార్చి తర్వాత కోపం లేకుండా ఏడ్చింది అప్పుడే.

తర్వాత భోజనాలు కూడా అయ్యాయి. బియ్యం మూట కట్టుకుని, ఒడిలో పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి గడప దాటాను. వెనక్కి చూడకుండా పోయి కారులో కూర్చున్నాను. కారు గులాం భాయ్‌ది, మా ఖాతూన్ భర్త. పిల్లలు చెరో పక్కన ఎక్కారు. ఇక బయల్దేరడమే అనుకుంటుండగా మా ఆయన మా అన్న భుజం మీద చెయ్యేసి, "బావా, ఒక చిన్న పరేషాన్ అయింది" అన్నాడు.

ఆ చిన్న పరేషాన్ ఏమిటంటే, పద్నాలుగో అంతస్తులో పాతవాళ్లు ఇంకా ఖాళీ చేయలేదట. నెలాఖరు దాకా చేయరట. కంపెనీవాళ్లు ఒకటో తారీఖున రమ్మన్నారట. లారీ సామాన్లను అక్కడే ఏదో గోదాములో దింపించారట. విమానం టికెట్లు కూడా ఆ పొద్దున్నే మార్చేశాడట. అన్నీ వరసగా చెప్పి, "గందుకే గీ పదిహేను దినాలు ఈడ్నే ఉందమనుకుంటున్న" అని ముగించాడు. ఏదో శుభవార్త చెప్పినట్టు మా అవ్వ వైపు చూశాడు.

నేను కారులోంచే అడిగాను, ఎప్పుడు తెలిసిందని. శనివారం రాత్రేనట. మరి పొద్దున ఎందుకు చెప్పలేదంటే ఆయనిచ్చిన జవాబు ఇది.

"అందరు ఖుషీగ ఉన్నరు గదా, ఫంక్షన్ ఖరాబ్ జేసుడెందుకని. బియ్యం పోసుడు అయినంక నిమ్మళంగ చెప్దమనుకున్న."

బియ్యం పోసుడు అయినంక. ఒక్క గంట ముందు చెప్పి ఉంటే మా అవ్వ కొలత శేరు పక్కన పెట్టేది. ఒడిబియ్యం వాయిదా పడేది. నేను పదిహేను రోజులు పుట్టింట్లో కాళ్లు చాపుకుని పడుకునేదాన్ని. ఇప్పుడు గడప లోపల మా అవ్వ, గడప బయట నేను, నా ఒడిలో ఐదుంబావు శేర్లు. ఉన్న ఇంట్లో వేరేవాళ్లు దిగారు. పోవాల్సిన ఇంట్లోంచి వేరేవాళ్లు కదలడం లేదు. పుట్టింట్లో కాలు పెట్టే వీల్లేదు. పెళ్లయి పదహారేళ్లయిన ఆడదానికి ఆ మధ్యాహ్నం ఈ దేశంలో పోవడానికి ఒక్క ఇల్లు లేదు.

అవ్వ గడప పట్టుకుని నిలబడిపోయింది. మూట కారులో ఉండనిచ్చి మనిషిని లోపలికి రమ్మందామని మా అన్న అన్నాడు. అవ్వ తల అడ్డంగా తిప్పింది. పోనీ అత్తగారి ఇంటికి పంపుదామని మా వదిన అంది. సిరికొండలో మా అత్తగారి ఇల్లు కూలిపోయి మూడేళ్లయింది, జాగా కూడా అమ్మేశారు. అప్పుడు మా ఆయన మళ్లీ నోరు తెరిచాడు. నిజామాబాద్ బస్టాండు దగ్గర మంచి లాడ్జి ఉందన్నాడు. ఏసీ గది తీసుకుందామన్నాడు.

బియ్యం పోసిన ఐదుగురు ఆడవాళ్లూ ఒకేసారి ఆయన వైపు తిరిగారు. మా అవ్వ అల్లుణ్ని ఏనాడూ ఎదురు మాట అన్నది కాదు. "ఒడిబియ్యం లాడ్జిల పెడ్తరా అల్లుడా?" అని మాత్రం అడిగింది. ఆయన తల దించుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. అవ్వ మొహం చూస్తే ఇంకా అక్కడే ఉండిపోతానని, పోనియ్యమని గులాం భాయ్‌కి చెప్పాను.

కారు ఎడపల్లి చేరింది. రోడ్డు పక్కన చేన్లలో పసుపు విత్తుతున్నారు. నా ఒడిలో మూట వెచ్చగా, బరువుగా ఉంది. కింద పెట్టడానికి లేదు. తొమ్మిది రోజుల గడువు, పదహారు రోజుల దూరంలో ఇల్లు. ఎంత లెక్క వేసినా కుదరలేదు, లెక్క వేసిన కొద్దీ కోపం పెరిగింది.

"నీ మిషన్ల గీ బియ్యం పోస్తె ఏమైతది?" అని వెనక నుంచి అడిగాను.

పని మాట కదా, ఆయన చటుక్కున జవాబిచ్చాడు. "పసుపు రంగున్నయి గదా. మొత్తం రిజెక్ట్ చేస్తది." అన్నాక గాని ఏమన్నాడో ఆయనకు అర్థం కాలేదు. వినీత నవ్వింది. నెల రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వు విన్నాను, అయితే అది తండ్రిని చూసి నవ్విన నవ్వు. 

నిజామాబాద్ చేరాక, ఎక్కడికి పోనివ్వాలని గులాం భాయ్ అడిగాడు. నా నోట అలవాటుగా వినాయక్‌నగర్ అని వచ్చింది. గులాం భాయ్ కారు అటే తిప్పాడు. మా ఇంటి ముందు ఆగాం. మా ఇల్లు అంటున్నాను చూడండి. గుమ్మానికి కొత్త మామిడాకులు కట్టి ఉన్నాయి. నేను చెప్పులు విడిచే చోట ఎవరివో బకెట్లు, ఒక పిల్లల సైకిల్. లోపల పొద్దున్నే పాలు పొంగించి ఉంటారు, పొయ్యి వాళ్లదైపోయింది. ఇంటామె పైనుంచి చూసి, గబగబా మెట్లు దిగి వచ్చి, ఇంకా పోలేదా సుకన్యా అని అడిగింది. తప్పుగా ఏమీ అనలేదు పాపం. కానీ ఆ మాటకు నాకు మొహం చెల్లలేదు. ఏదో మరిచిపోయామని అబద్ధం చెప్పి కారు తీయించాను.

సందు చివర గులాం భాయ్ కారు ఆపాడు. అద్దంలోంచి నన్ను చూస్తూ, "ఇప్పుడు యాడికి చెల్లె?" అన్నాడు.

"వర్ని రోడ్డుకు పోనియ్ అన్నా."

నా మాట పూర్తి కాకముందే ఆయన కారు తిప్పాడు. ముందు సీట్లో మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. వర్ని రోడ్డులో ఏముందో ఆయనకు తెలుసు.

బళ్లు తెరిచే రోజులు కాబట్టి ఆదివారమైనా మా షట్టర్ సగం ఎత్తి ఉంది. నేను వంగి, మూట పట్టుకుని, కుడికాలు లోపల పెట్టాను. ఖాతూన్ కటింగ్ బల్ల మీద నీలం లాగులు మడత పెడుతోంది. నన్ను చూసింది, నా వెనక పిల్లల్ని చూసింది, బయట నిలబడ్డ మా ఆయన్ని చూసింది, ఒడిలో మూటను చూసింది. ఏటా నాలాంటి వాళ్ల ఒడిబియ్యం రవికెలు ఎన్నో కుట్టిన మనిషి, ఆమెకు విప్పి చెప్పాల్సిన పని లేదు.

"ఢిల్లీ ఇంత దగ్గరుంటదనుకోలే" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఈడ్నే వండుతవా?" అని అడిగింది.

ఈడ్నే అన్నాను. ఆమె లాగులన్నీ ఎత్తి మూలకు వేసి బల్ల ఖాళీ చేసింది. ఆ పొద్దుటి నుంచి మొదటిసారి ఆ బియ్యాన్ని ఒక చోట దింపాను. కొంగు దులిపి నడుముకు దోపుకున్నాను.

మా ఆయన షట్టర్ కిందుగా వంగి లోపలికి వచ్చాడు. ఇక్కడ వండవద్దన్నాడు. అలసిపోయావు, రేపు ఆలోచిద్దాం అన్నాడు. రేపటి దాకా ఈ మూట ఎక్కడ పెట్టాలని అడిగాను. అసలు మాట అప్పుడు బయటపెట్టాడు.

"మీ అవ్వ అన్నది గదా, ఏ పొయ్యి మీద వండితె గదే ఇల్లని. గిది ఆడ వండాలె. గురుగ్రాంల. తొమ్మిది దినాలు దాటితె ఏమైతది, పద్ధతులన్ని మనం పెట్టుకున్నయే గదా."

పదహారేళ్లలో ఏ పద్ధతీ పట్టని మనిషి. పొద్దున ఆ పద్ధతి గుర్తుపెట్టుకోకనే నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టాడు. ఇప్పుడు సగం పద్ధతి కావాలట, సగం అక్కర్లేదట. నాకు అరవాలనిపించింది. కానీ ఆయన మొహం చూశాక అరవలేదు. మార్చి నుంచి మొదటిసారి ఆ మొహంలో భయం కనిపించింది. నేను రానేమో అన్న అనుమానం అంతవరకూ ఆ మనిషి బుర్రలోకే రాలేదు. నా కుట్టుమిషన్ మీద గీత కొట్టినంత సులువుగా నన్ను జాబితాలో రాసుకున్నాడు, కుర్చీలు ఆరు, బీరువా ఒకటి, భార్య ఒకతె.

ఆయన్ని తప్పించుకుని బయటికి పోయాను. పక్కనే ఈరవ్వ మిర్చీ బజ్జీల బండి. సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె సాయంత్రం బేరం పక్కన పెట్టి, పెద్ద పొయ్యి, అన్నం వండే గంజు తెచ్చి మా షట్టర్ లోపల పెట్టింది. రెండు శేర్లు కడిగి ఎసట్లో పోశాను. వినీత చెప్పకుండానే పప్పు కడిగింది. చిన్ను గులాం భాయ్‌తో పోయి విస్తరాకులు తెచ్చాడు. నా గిన్నెలన్నీ గురుగ్రాంలో గోదాములో ఉన్నాయి, గరిటె కూడా ఈరవ్వదే. కుట్టుమిషన్ల నూనె వాసన మధ్య పసుపు అన్నం ఉడికిన వాసన లేచింది. నాకు ఒక్కసారి ఆకలేసింది.

పిలవడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. ఈరవ్వ, గాజుల కొట్టు జ్యోతిరాణి, మా దగ్గర గుండీలు కుట్టే ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ల తల్లులు, ఎదురు మెడికల్ షాపామె. ఐదుగురు అనుకుంటే ఖాతూన్‌తో కలిపి ఎనిమిదిమంది అయ్యారు. యూనిఫాం గుడ్డల మూటల మీదనే కూర్చుని తిన్నారు. మా అవ్వ లెక్కలో ఖాతూన్ వస్తుందో రాదో నేనడగలేదు. మొదటి ముద్ద ఆమె విస్తరిలోనే పెట్టాను. ఉప్పు తక్కువైందంటూ ఆమె రెండోసారి పెట్టించుకుంది.

మా ఆయన బయట ఈరవ్వ బండి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఎంత కోపమున్నా ఆకలితో కూర్చోబెట్టలేను, విస్తరి తీసుకుపోయి ఇచ్చాను. తలెత్తకుండా మొత్తం తిన్నాడు. తిన్నాక విస్తరి మడిచి పారేసి వచ్చి, ఈ పదిహేను రోజులు మనం ఎక్కడ ఉండాలని అడిగాడు. నేనూ పిల్లలూ ఖాతూన్ ఇంటి మీది గదిలో ఉంటామన్నాను. గులాం భాయ్ అప్పటికే మా సంచులు దింపించాడు. ఆయన ఇష్టం ఆయనది, కావాలంటే బస్టాండు దగ్గర ఏసీ లాడ్జి ఉండనే ఉంది.

లోపలికి పోయి మిగిలిన బియ్యంలోంచి ఒక శేరు కొలిచి, పొద్దున పెట్టిన కొత్త రవికె బట్టలోనే కట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"ఒకటో తారీఖు నాడు నువ్వు పో. గిది ఆడ నీ పొయ్యి మీద వండు. ఐదుగురు ఆడోళ్లను పిలిచి పెట్టు. వాళ్లొచ్చి తిన్ననాడు నాకు ఫోన్ చెయ్యి."

ఆయన ఆ మూటను రెండు చేతులతో పట్టుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. నిజంగానే ఐదుగురి పేర్లు వెతుక్కుంటున్నట్టు ఉంది మొహం.

"ఆడ నాకు ఎవ్వరు తెల్వదు సుకన్యా" అన్నాడు.

"మరి నాకు తెలుసా?"

 ఆయన మూట ముడి ఇంకాస్త బిగించాడు. రోడ్డు మీద వర్ని బస్సు పోయింది. లోపల మిషన్ ఒకటి మొదలైంది, అన్నం తిన్నాక ఖాతూన్ ఎవర్నీ కూర్చోనివ్వదు. పిల్లల సీట్లు అక్కడ కట్టుబడి ఉన్నాయి, బడి ఒకటో తారీఖునే తెరుస్తారు, అదంతా నాకు తెలుసు. అవన్నీ ఆయన చెబుతాడని, నేను అరుస్తానని సిద్ధంగా నిలబడ్డాను. ఆయన అవేమీ చెప్పలేదు.

"నువ్వు వస్తవా?" అని అడిగాడు.

పదహారేళ్లలో ఒక పని కాకముందే ఆయన నన్ను అడగడం అదే మొదలు. ఈ ఒక్క మాట కోసం నేను మార్చి నుంచి పళ్లు కొరుక్కుంటూ, గిన్నెలు విసురుతూ, చుట్టాల చేత పిచ్చిదాన్ని అనిపించుకుంటూ తిరిగాను. జవాబు కూడా అప్పుడే తయారుచేసి పెట్టుకున్నాను. ఆ జవాబు కోసం లోపల వెతికితే ఇప్పుడు దొరకలేదు.

"మార్చిల అడిగితె వస్త అంటుంటి" అన్నాను.

"ఇప్పుడు?"

"ఇప్పుడు జూన్. మూడు బళ్ల పనుంది."

ఆయన్ని అక్కడే వదిలి లోపలికి వచ్చాను. నా మొదటి మిషన్ కిటికీ పక్కన దాని పాత చోటులోనే ఉంది, ముందు స్టూలు కూడా వేసి ఉంది. కూర్చుని చూస్తే, సూదిలో దారం ఖాతూన్ అప్పటికే ఎక్కించి పెట్టింది.